మనోవైద్యములో శూన్యాంశ దోషము

ప్రయోగశాలలో విద్యార్థి చేతికి స్క్రూగేజి ఇచ్చిన వెంటనే ఉపాధ్యాయుడు తీగను కొలువుమని చెప్పడు. మొదట మరను పూర్తిగా మూయించి, సున్న గీత సున్న గీతతో కలిసినదో లేదో చూడుమనును. కలియనిచో ఆ పరికరమునకు శూన్యాంశ దోషము ఉన్నదన్నమాట. ఆ దోషమును కనిపెట్టకుండ తీగను నూరుసార్లు కొలిచినను, ఎంత శ్రద్ధతో కొలిచినను, వచ్చు విలువ తప్పుగనే ఉండును. తప్పు తీగలో లేదు, కొలుచు పరికరములో ఉన్నది.

శరీరమును పరీక్షించు వైద్యునికి ఉష్ణమాపకము, స్టెతస్కోపు, సూక్ష్మదర్శిని ఉన్నవి. మనస్సును పరీక్షించు వారికి అట్టి సాధనములు బహు తక్కువ. ఎదుట కూర్చున్న మనిషి మాటలను వినుట, ప్రశ్నలు వేయుట, విన్నదానిని తమకు తెలిసిన శాస్త్రముతో పోల్చి చూచుట, ఇదియే వారి పద్ధతి. కనుక మానసిక వైద్యుడు గాని, మనస్తత్వవేత్త గాని, కౌన్సెలరు గాని తన అవగాహననే పరికరముగా వాడుచున్నాడని చెప్పవలెను. ఆ అవగాహనలోనే దోషమున్నచో ఏమగును? ఆరోగ్యవంతుడు రోగిగా కనబడును. లేని రోగమునకు చికిత్స జరుగును. ఉన్న బాధ ఎవరికిని కనబడకపోవును.

ఇది ఊహ కాదు. స్వలింగాకర్షణ గలవారి విషయమునను, ట్రాన్స్‌జెండర్ వ్యక్తుల విషయమునను మనోవైద్యశాస్త్రము అనేక దశాబ్దములు ఇట్టి దోషముతోనే పనిచేసినది. ఆ దోషము ఎట్లు ఏర్పడినది, దానిని ఎవరు కనిపెట్టిరి, ఎట్లు సరిదిద్దిరి, ఇంకను ఎంత మిగిలియున్నది అను విషయములు శాస్త్రవిద్యార్థులు తెలిసికొనదగినవి.

మూడు వేరు ప్రశ్నలు

ముందుగా మాటల అర్థములు చూతము. ఎల్.జి.బి.టి.ఐ.క్యూ. అను అక్షరముల కూర్పు నేడు పత్రికలలో తరచు కనబడుచున్నది. అందు మొదటి మూడు అక్షరములు ఆకర్షణకు సంబంధించినవి. స్త్రీయెడల ఆకర్షణ గల స్త్రీని లెస్బియన్ అనియు, పురుషునియెడల ఆకర్షణ గల పురుషుని గే అనియు, ఇరువురియెడలను ఆకర్షణ గలవారిని బైసెక్సువల్ అనియు అందురు. నాల్గవది ట్రాన్స్‌జెండర్. పుట్టినప్పుడు మంత్రసానియో వైద్యుడో చూచి మగబిడ్డ అనియో ఆడబిడ్డ అనియో చెప్పినది ఒకటి, తాను ఎవరని ఆ వ్యక్తి అంతరంగమునకు తెలిసినది మరొకటి అయినచో ఈ మాట వాడుదురు. ఐదవది ఇంటర్‌సెక్స్. ఇది దేహనిర్మాణమునకు సంబంధించినది. చివరిదైన క్వీర్ అను మాట ఒకప్పుడు ఇంగ్లీషులో తిట్టు; ఆ తిట్టు తినినవారే దానిని స్వీకరించి, పై తరగతులలో ఇమడని వారందరికి వర్తించు గౌరవపదముగా మార్చుకొనిరి.

ఇందు మూడు వేరు వేరు ప్రశ్నలున్నవని గమనింపవలెను. నా మనస్సు ఎవరివైపు మొగ్గును? నేను స్త్రీనా, పురుషుడనా, మరొకరినా? నా దేహము ఎట్లు నిర్మింపబడినది? ఈ మూడింటిని ఒకటిగా కలిపివేయుటయే సామాన్యులు చేయు మొదటి పొరపాటు. శిక్షణ చాలని కౌన్సెలర్లు చేయు మొదటి పొరపాటును ఇదియే. స్వలింగాకర్షణ గల యువకుడు తాను పురుషుడనే అనుకొనును. అతనికి స్త్రీగా మారు కోరిక ఉండవలెనని లేదు. ట్రాన్స్‌జెండర్ వ్యక్తి ఎవరిని ప్రేమించునో ఆ మాటను బట్టి చెప్పలేము.

మూడవ ప్రశ్నను ఉన్నత పాఠశాలలోని జీవశాస్త్రపాఠమే వివరింపగలదు. ఎక్స్ ఎక్స్ క్రోమోసోములున్న ఆడ, ఎక్స్ వై ఉన్న మగ అని పాఠ్యపుస్తకము చెప్పును. ఇది సాధారణముగా నిజము. కాని క్రోమోసోము మొదలు దేహరూపము వరకు అనేక మెట్లున్నవి. వై క్రోమోసోముపై ఎస్.ఆర్.వై. అను జన్యువు ఉన్నదనియు, అది పిండమున వృషణముల నిర్మాణమును ప్రారంభించుననియు 1990లో కనుగొనిరి. ఆ వృషణములు టెస్టోస్టిరోన్ అను హార్మోనును తయారుచేయును. ఆ హార్మోనును కణములు గుర్తించినప్పుడే పురుషావయవములు ఏర్పడును. కొందరిలో ఎక్స్ వై క్రోమోసోములుండును, వృషణములుండును, హార్మోనును తయారగును. కాని కణములకు దానిని గుర్తించు శక్తి ఉండదు. అట్టి శిశువు బయటికి ఆడపిల్లగనే పుట్టి, ఆడపిల్లగనే పెరుగును. ఈడు వచ్చినను ఋతువు మొదలుకాకపోవుటచే వైద్యుని కడకు పోయినప్పుడు గాని అసలు సంగతి తెలియదు. మెట్లలో ఎక్కడ మార్పు వచ్చినను ఇట్టి భేదములు కలుగవచ్చును.

ఆకర్షణకు కారణమేమి అను ప్రశ్నకు ఇంకను పూర్తి సమాధానము లేదు. 2019లో సుమారు 4 లక్షల 77 వేల మంది జన్యుసమాచారమును పరీక్షించిన ఒక పెద్ద పరిశోధన, దీనిని నిర్ణయించు ఏకైక జన్యువు ఏదియు లేదనియు, స్వల్ప ప్రభావము గల అనేక జన్యుభేదములు ఇతర కారణములతో కలిసి పనిచేయుచున్నవనియు తేల్చినది. తల్లిదండ్రుల పెంపకలోపమే కారణమను పాత సిద్ధాంతమునకు మాత్రము నిలువదగిన సాక్ష్యము దొరకలేదు.

దోషము ఎట్లు ఏర్పడినది?

పందొమ్మిదవ శతాబ్ది ఉత్తరార్ధమున ఐరోపా వైద్యులు స్వలింగాకర్షణను రోగముల పట్టికలో చేర్చిరి. అంతకుముందు చాల దేశములలో దానిని పాపమనియు నేరమనియు తలచెడివారు. పాపికంటె రోగి నయమని తలచి ఈ మార్పును దయతోనే చేసిన వైద్యులును ఉండిరి. కాని వారి పద్ధతిలో ఒక లోపమున్నది. వారు చూచినవారందరును బాధపడి చికిత్సకు వచ్చినవారు, లేదా చెరసాలలలో ఉన్నవారు. ఆస్పత్రిలోని మనుష్యులను మాత్రమే చూచి ఊరివారందరు రోగులని చెప్పినచో ఎంత సబబుగా ఉండునో ఆ నిర్ణయమును అంతే సబబుగా ఉన్నది.

సిగ్మండ్ ఫ్రాయిడ్ 1935లో ఒక అమెరికన్ తల్లికి వ్రాసిన లేఖలో, ఇది సిగ్గుపడదగినది కాదనియు, దీనిని రోగముగా లెక్కింపరాదనియు తెలిపెను. అయినను ఆయన అనుయాయులలో పెక్కుమంది ఆ మాటను పట్టించుకొనలేదు. 1952లో అమెరికన్ మనోవైద్య సంఘము ప్రకటించిన మొదటి రోగనిర్ణయ గ్రంథమున స్వలింగాకర్షణ మనోరోగముగనే నమోదైనది. పరికరము యొక్క దోషము ఇట్లు అచ్చు పుస్తకమునకెక్కి, ప్రామాణికమయ్యెను.

ఎవలిన్ హూకర్ ప్రయోగము

దోషమును పరీక్షించు ప్రయోగమును చేసినది ఎవలిన్ హూకర్ అను మనస్తత్వవేత్త. ఆమె కాలిఫోర్నియాలోని లాస్ ఏంజలస్ నగరమున విశ్వవిద్యాలయ విస్తరణ తరగతులలో పాఠములు చెప్పుచుండెను. ఆమె విద్యార్థులలో సామ్ ఫ్రామ్ అను నతడు స్వలింగాకర్షణ గలవాడు. అతడు తన మిత్రులను ఆమెకు పరిచయము చేసి, చికిత్స అక్కరలేని తమవంటి వారిని గూర్చి పరిశోధన చేయవలసినదని ఆమెను పట్టుపట్టెను. అంతవరకు అట్టి పరిశోధన చేసినవారు లేరనియే చెప్పవచ్చును.

1953లో ఆమె అమెరికా జాతీయ మానసికారోగ్య సంస్థ నుండి ధనసహాయము కోరి, పొందినది. స్వలింగాకర్షణ గల పురుషులు 30 మందిని, ఇతర పురుషులు 30 మందిని ఎన్నుకొనెను. చికిత్స పొందుచున్నవారిని చేర్చలేదు. వయస్సు, విద్య, బుద్ధిలబ్ధి ఈ మూడింటియందును సమానులైన వారిని జంటలుగా కూర్చెను. ఇది శాస్త్రవిద్యార్థులకు తెలిసిన నియమమే: ఒక్క అంశము తప్ప మిగిలినవన్నియు సమానముగా ఉంచినప్పుడే ఆ అంశము యొక్క ప్రభావము బయటపడును.

అందరికిని ఆనాడు పేరు పొందిన మూడు పరీక్షలు పెట్టిరి. వానిలో సిరామరకలను చూపి ఏమి కనబడుచున్నదని అడుగు రోర్షాక్ పరీక్ష ఒకటి. బొమ్మలను చూపి కథ చెప్పించునది మరియొకటి. సమాధానపత్రములలో వ్యక్తిని గుర్తుపట్టు వివరములు తొలగించి, బ్రూనో క్లాప్ఫర్, ఎడ్విన్ ష్నీడ్మన్, మార్టిమర్ మేయర్ అను ముగ్గురు నిపుణులకు ఇచ్చిరి. ప్రతి వ్యక్తి మానసిక సమతకు అయిదు అంతస్తులలో ఒక స్థానము నిర్ణయింపవలెను; జంటలో స్వలింగాకర్షణ గలవాడెవడో కూడ చెప్పవలెను.

ఫలితమేమి? రెండు గుంపులలోను సుమారు మూడింట రెండువంతుల మంది సామాన్య స్థాయిలోనో అంతకుపైననో ఉన్నట్లు నిపుణులు నిర్ణయించిరి. ఇక జంటలో ఎవరు ఎవరో గుర్తించు విషయమున నాణెమును ఎగురవేసి చెప్పినదానికంటె మెరుగుగా చెప్పలేకపోయిరి. హూకర్ ఈ ఫలితములను 1956లో షికాగోలో అమెరికన్ మనస్తత్వశాస్త్ర సంఘ సభలో చదివెను, 1957లో ప్రకటించెను.

ఈ ప్రయోగమునకు పరిమితులు లేకపోలేదు. 60 మంది చిన్న సంఖ్య. అందు స్త్రీలు లేరు. ఆనాటి సిరామరకల పరీక్షలపై తరువాత విమర్శలు వచ్చినవి. అయినను దాని బలము తర్కములో ఉన్నది. కాకులన్నియు నల్లనివే అను వాక్యమును కొట్టివేయుటకు తెల్లకాకుల గుంపు అక్కరలేదు, ఒక్క తెల్లకాకి చాలును. స్వలింగాకర్షణ గలవారందరు రోగులే అను వాక్యము ముందు హూకర్ ఒక్కటి కాదు, ఇరవైకి దగ్గరగా తెల్లకాకులను నిలిపెను.

ముసుగు ధరించిన వైద్యుడు

పుస్తకములో మార్పు రావుటకు మరి పదునారేండ్లు పట్టినది. 1972 మే 2న డల్లాస్ నగరమున మనోవైద్యుల మహాసభలో ఒక వైద్యుడు ముఖమునకు ముసుగు, తలకు విగ్గు, దేహమునకు తనకు సరిపడని పెద్ద కోటు ధరించి, గొంతును మార్చు మైకు ముందు నిలిచి, తాను స్వలింగాకర్షణ గల మనోవైద్యుడనని ప్రకటించెను. నిజముఖముతో ఆ మాట చెప్పినచో ఉద్యోగము పోవునని అతని భయము. అతడు ఫిలడెల్ఫియాకు చెందిన జాన్ ఫ్రయర్ అని లోకమునకు తెలియుటకు 1994 వరకు ఆగవలసివచ్చెను. రోగములను నిర్ణయించువారి నడుమనే, వారికి తెలియకుండ, వారు రోగి అని పేరుపెట్టిన వ్యక్తి సమర్థుడైన వైద్యుడుగా పనిచేయుచుండెనన్నమాట.

1973 డిసెంబరులో ఆ సంఘ పాలకవర్గము సాక్ష్యములను విచారించి, స్వలింగాకర్షణను రోగముల జాబితానుండి తొలగించెను. దీనిని వ్యతిరేకించినవారు సభ్యుల అభిప్రాయసేకరణ జరుపవలెనని కోరగా, 1974లో 5,854 మంది నిర్ణయమును సమర్థించిరి, 3,810 మంది కాదనిరి. ఓట్లతో శాస్త్రసత్యము తేలునా అని కొందరు హేళన చేయుదురు. తేలదు. కాని ఇచ్చట ఓటును కోరినది మార్పును ఒప్పనివారే. మార్పునకు ఆధారమైనది ఓటు కాదు, అంతకుముందు ఇరువది సంవత్సరములుగా పోగైన సాక్ష్యము.

ప్రపంచ ఆరోగ్య సభ 1990 మే 17న ఆమోదించిన అంతర్జాతీయ రోగవర్గీకరణ పదవ కూర్పులో స్వలింగాకర్షణ రోగముగా లేదు. 2019లో ఆమోదము పొంది 2022 జనవరి 1 నుండి అమలునకు వచ్చిన పదునొకండవ కూర్పు, ట్రాన్స్‌జెండర్ వ్యక్తులకు సంబంధించిన విషయమును మనోరోగముల అధ్యాయమునుండి తీసి లైంగికారోగ్యమునకు చెందిన అధ్యాయమున ఉంచినది. వారికి వైద్యసహాయము కావలసియుండవచ్చును గాని, వారు మనోరోగులు కారని దీని భావము.

తప్పు చికిత్స

అంతవరకు జరిగిన నష్టము తక్కువది కాదు. విముఖతా చికిత్స అను పేర అనేక దేశములలో యువకులకు బొమ్మలు చూపుచు విద్యుదాఘాతములు ఇచ్చిరి, వాంతి కలిగించు మందులు ఇచ్చిరి. ఆకర్షణ మారలేదు. భయము, ఆత్మన్యూనత, వైద్యులయెడల అవిశ్వాసము మిగిలినవి.

చికిత్స ఫలించెనని చెప్పిన పరిశోధనలు లేవా? ఒకటి ప్రసిద్ధమైనది. 1973 నాటి మార్పులో ముఖ్యపాత్ర వహించిన రాబర్ట్ స్పిట్జరే 2003లో 200 మందితో టెలిఫోనులో మాటాడి, వారిలో చాలమంది మారినట్లు చెప్పిరని ప్రకటించెను. దానిలో పోల్చి చూచుటకు రెండవ గుంపు లేదు. మారితిమని చెప్పినవారి మాట తప్ప వేరు నిదర్శనము లేదు. తాము మారితిమని నలుగురికి చాటువారినే ఎక్కువగా ఎన్నుకొనిరి. విమర్శకులు ఈ లోపములను ఎత్తిచూపిరి. 2012లో స్పిట్జర్ తన నిర్ణయము నిలువదని ఒప్పుకొని, దానిని నమ్మి కాలమును శ్రమను వ్యర్థము చేసికొన్నవారికి క్షమాపణ చెప్పెను. తన తప్పును తానే బహిరంగముగా దిద్దుకొనిన ఈ ఉదంతము ఏ ప్రయోగశాలలోనైనను చెప్పదగిన పాఠము.

బరువు ఎక్కడిది?

ఇచ్చట ఒక న్యాయమైన సందేహము కలుగును. ఇది రోగము కానిచో, వీరిలో దిగులు, ఆందోళన, ఆత్మహత్యా ప్రయత్నములు ఇతరులకంటె ఎక్కువగా ఉన్నవని పరిశోధనలు ఎందుకు చెప్పుచున్నవి?

ఇలాన్ మేయర్ అను పరిశోధకుడు 2003లో ప్రకటించిన వ్యాసమున దీనికి స్పష్టమైన వివరణ ఉన్నది. దానిని అల్పసంఖ్యాక ఒత్తిడి సిద్ధాంతమందురు. అందరికి ఉండు కష్టములకు తోడు, సమాజము చిన్నచూపు చూచు వర్గమువారు అదనపు బరువు మోయుచుందురు. అందు కొంత బయటి బరువు: హేళన, దెబ్బలు, ఉద్యోగము దొరకకపోవుట, ఇంటినుండి వెడలగొట్టబడుట. కొంత లోపలి బరువు: ఎప్పుడు ఎవరు ఏమందురో అను ఎదురుచూపు, నిజమును దాచుకొను ప్రయాస, చివరకు లోకము తిట్టినది నిజమేనని తానే నమ్ముట.

దాచుకొను ప్రయాస ఎట్టిదో చూతము. పదవ తరగతి చదువు బాలుడు ఒకడు తన స్వరము, నడక, చూపు, స్నేహితులతో చెప్పు మాట, వీనినన్నిటిని ఉదయమునుండి రాత్రి వరకు కాపలా కాయుచుండెననుకొందము. ఆ కాపలాకు శక్తి కావలెను. చదువునకు వినియోగపడవలసిన శక్తియే అందుకు వ్యయమగును. మార్కులు తగ్గును, నిద్ర చెడును. పెద్దలు చదువుపై శ్రద్ధ లేదని మందలింతురు. బరువు మోయు దూలము వంగినచో దూలమున లోపమున్నదని అనము. దానిపై ఎంత బరువున్నదో చూతుము. ఇల్లు, పాఠశాల ఆదరించినప్పుడు ఈ బాధలు తగ్గుచున్నవని పరిశోధనలు చూపుచుండుట ఈ వివరణకు బలము చేకూర్చుచున్నది.

సహాయార్థికి కావలసినదేమి?

కనుక కౌన్సెలరు తెలిసికొనవలసినది, సహాయము కోరి వచ్చిన వ్యక్తిని ఎట్లు మార్చవలెనని కాదు, అతనిపై ఉన్న బరువును ఎట్లు గుర్తింపవలెనని.

మొదటిది ప్రశ్న వేయు రీతి. పాతికేళ్ల యువతి నిద్రపట్టుటలేదని వచ్చినది. కౌన్సెలరు, 'పెళ్లయినదా అమ్మా? సంబంధములు చూచుచున్నారా?' అని ఆరంభించినచో, ఆమె మనస్సు మరొక యువతిపై ఉన్నచో, ఆ క్షణముననే ఆమె నోరు మూతపడును. 'మీకు మనస్సుకు దగ్గరైనవారు ఎవరైన ఉన్నారా?' అని అడిగినచో తలుపు తెరచియుండును. ఒక్క పదములో ఎంత భేదమున్నది!

రెండవది సంబోధన. ఈ విషయమున తెలుగు భాష ఒక సదుపాయమును కల్పించుచున్నది. హిందీలోను, హైదరాబాదు ఉర్దూలోను నేను పోవుచున్నానని చెప్పుకొనుటకే స్త్రీకి ఒక రూపము, పురుషునికి ఒక రూపము కావలెను. తెలుగులో నేను, నీవు, మీరు అను మాటలతో వచ్చు క్రియకు లింగభేదము లేదు. 'వచ్చాడు', 'వచ్చింది' అనుటలో భేదమున్నను, గౌరవముతో 'వారు వచ్చారు' అన్నచో ఆ భేదమును పోవును. అయితే 'ఏమి బాబూ', 'ఏమమ్మా', 'అన్నా', 'అక్కా' అను ప్రేమ పిలుపులలో లింగము దాగియున్నది. కనుక ఎట్లు పిలువవలెనో ఆ వ్యక్తినే అడిగి తెలిసికొనుట మేలు. అడుగుటలో అవమానము లేదు. అడుగక ఊహించుటలోనే ఉన్నది.

మూడవది తూకము. అతడు స్వలింగాకర్షణ గలవాడని తెలిసిన మాత్రమున ప్రతి బాధకు అదియే కారణమని తలపరాదు. అతనికిని పరీక్షాభయము ఉండవచ్చును, తండ్రి మరణదుఃఖము ఉండవచ్చును. ఆ సంగతి అసలు లేనట్లే ప్రవర్తించుటయు తప్పే. రెండు తప్పులును ఒకే శూన్యాంశ దోషమునకు అటునిటు ఉన్న విలువలు.

నాల్గవది రహస్యరక్షణ. చెప్పిన సంగతి తల్లిదండ్రులకు చేరినచో ఇంటిలో దెబ్బలో, చదువు మాన్పించుటయో, బలవంతపు వివాహమో సంభవింపవచ్చును. ప్రాణాపాయము ఉన్నప్పుడు తప్ప, ఎవరికి, ఎప్పుడు, ఎంత చెప్పవలెనో నిర్ణయించు హక్కు ఆ వ్యక్తిదే.

ఐదవది కుటుంబము. మన సమాజమున మనిషి ఒంటరిగా బ్రతుకడు. తల్లిదండ్రుల దుఃఖమును తేలికగా కొట్టివేయుట న్యాయము కాదు. వారికిని వివరించువారు కావలెను. 'పెళ్లి చేసినచో అన్నియు సర్దుకొనును' అను సలహాను మాత్రము ఏ శిక్షణ పొందిన కౌన్సెలరును ఈయరాదు. అది ఒకరి బాధను ఇద్దరికి పంచుట. అందు రెండవ వ్యక్తికి ఏమియు తెలియదు.

ట్రాన్స్‌జెండర్ వ్యక్తులకు, ఇంటర్‌సెక్స్ వ్యక్తులకు మరికొన్ని అవసరములున్నవి. హార్మోను చికిత్స కోరువారికి మానసిక వైద్యుడు దారికి అడ్డముగా నిలిచిన ద్వారపాలకుడు కాక, లాభనష్టములను వివరించి నిర్ణయమునకు తోడ్పడు సహచరుడు కావలెను. ఇంటర్‌సెక్స్ శిశువు పుట్టిన ఇంట భయము, సిగ్గు, తొందర మూడును ఒక్కసారి ప్రవేశించును. ప్రాణావసరము లేని శస్త్రచికిత్సను తొందరపడి చేయించిన పిదప, ఆ బిడ్డ పెరిగి మరొకటి కోరినచో పోయినది తిరిగి రాదు. మదురై ధర్మాసనపు తీర్పును అనుసరించి తమిళనాడు ప్రభుత్వము 2019లో అట్టి శస్త్రచికిత్సలను శిశువులపై జరుపరాదని నిషేధించినది.

మన దేశమున

మన దేశమున 2014లో సుప్రీంకోర్టు ట్రాన్స్‌జెండర్ వ్యక్తుల గుర్తింపును, హక్కులను అంగీకరించుచు తీర్పు చెప్పినది. 2017 నాటి మానసికారోగ్య సంరక్షణ చట్టము, సమాజపు నైతిక ఆచారములకు లోబడలేదను కారణముతో ఎవరిని మనోరోగిగా నిర్ణయింపరాదనియు, లైంగిక ఆకర్షణను బట్టి చికిత్సలో భేదము చూపరాదనియు శాసించినది. 2018లో భారత మనోవైద్య సంఘము స్వలింగాకర్షణ రోగము కాదని స్పష్టపరచెను. అదే సంవత్సరము సెప్టెంబరు 6న సుప్రీంకోర్టు, వయస్సు వచ్చినవారి మధ్య ఇష్టపూర్వక సంబంధము 377వ సెక్షను క్రింద నేరము కాదని తీర్పు చెప్పెను.

2021లో మద్రాసు హైకోర్టున జరిగినది మరింత గమనింపదగినది. ఇంటినుండి వచ్చివేసిన ఇద్దరు యువతుల రక్షణ వ్యాజ్యమును విచారించుచున్న న్యాయమూర్తి ఆనంద్ వెంకటేశ్, ఈ విషయమున తన అవగాహన చాలదని బహిరంగముగా ఒప్పుకొని, మనస్తత్వవేత్త కడ పాఠము నేర్చుకొని, ఆ పిదప ఉత్తరువు ఇచ్చెను. తీగను కొలుచుటకు ముందు తన స్క్రూగేజిని తానే పరీక్షించుకొనెనన్నమాట. ఆకర్షణను మార్చు ప్రయత్నములను ఆ ఉత్తరువు నిషేధించినది. ఆ కోర్టు ఆదేశములను అనుసరించి జాతీయ వైద్య సంఘము 2022లో అట్టి ప్రయత్నములను వైద్యుల వృత్తిదోషముగా ప్రకటించెను. దోషములు సులభముగా పోవు అనుటకు వీలులేదు: 2024 ఆగష్టు చివర వెలువడిన వైద్యవిద్యా ప్రణాళికలో పాత మాటలు తిరిగి ప్రవేశించినవి, విమర్శలు రాగా సెప్టెంబరు మొదటి వారముననే దానిని ఉపసంహరించిరి.

తెలుగునాట కూడ ఇట్టి చరిత్ర ఉన్నది. నిజాము పాలనలో, 1329 ఫస్లీ అనగా 1919 నాటి చట్టమొకటి హిజ్రాల పేర్లతో రిజిస్టరు నిర్వహింపవలెననియు, వారెంటు లేకయే వారిని అరెస్టు చేయవచ్చుననియు చెప్పెడిది. ఒక నేరమును చేయకముందే మనిషిని నేరస్థుల పట్టికలో చేర్చు ఆ చట్టమును తెలంగాణ హైకోర్టు 2023 జూలైలో రాజ్యాంగవిరుద్ధమని కొట్టివేసెను. ఆ చట్టము నూరేండ్లకు పైగా పుస్తకములలో నిలిచినది. 2011 జనాభా లెక్కలలో మొట్టమొదటిసారి స్త్రీ, పురుష అను వర్గములకు తోడు ఇతరులను గడిని విడిగా ఇచ్చినప్పుడు, దేశమున 4,87,803 మంది ఆ గడిలో నమోదైరి. చెప్పుటకు భయపడి చెప్పనివారు ఈ లెక్కలో లేరు.

పాఠశాలలో

మన జిల్లాలలో మానసిక వైద్యులు తక్కువ. చాలమంది పిల్లలకు బాధ చెప్పుకొనదగిన మొదటి పెద్దమనిషి ఉపాధ్యాయుడే. ఆయన చికిత్స చేయనక్కరలేదు. తరగతిలో ఒక పిల్లవాని నడకను చూచి ఇతరులు 'ఆడంగి' అని నవ్వినప్పుడు, ఆయన కూడ నవ్వునా, విననట్లు ఊరకుండునా, లేక అది తగదని చెప్పునా అని ఆ పిల్లవాడు చూచుచుండును. తరగతిలో మరెవరైనను అదే రహస్యమును మోయుచున్నచో వారును చూచుచుందురు. ఆ ఒక్క నిమిషము వారికి ఆ ఉపాధ్యాయుని గూర్చి ఏండ్ల తరబడి మిగులు పరిచయము.

పిల్లవాడు వచ్చి చెప్పినచో పూర్తిగా వినుట, ఇది రోగము కాదని తెలుపుట, రహస్యమును కాపాడుట, బాధ మించినట్లు తోచినచో శిక్షణ గల కౌన్సెలరు కడకు పంపుట, ఇవి ఉపాధ్యాయుడు చేయదగిన పనులు. 2022 అక్టోబరులో కేంద్రప్రభుత్వము ప్రారంభించిన టెలి మానస్ సేవకు 14416 అను నంబరుకు ఉచితముగా ఫోను చేసి తెలుగులోనే మాటాడవచ్చును. ప్రాణముపై విరక్తి మాటలు వినబడినప్పుడు పిల్లవానిని ఒంటరిగా విడువరాదు.

విద్యార్థులు మాత్రము ఒక సంగతి జ్ఞాపకముంచుకొనవలెను. స్క్రూగేజి దోషమును ఒకసారి సవరించినంత మాత్రమున పని ముగియదు. వాడిన కొలది మర అరుగును, దోషము తిరిగి పుట్టును. అందుచేత మంచి ప్రయోగశాలలో ప్రతి కొలతకు ముందును సున్నను చూచుకొందురు.